మధుమేహము – కంటిచూపు – కృత్రిమ మేధ

మధుమేహము పట్టణవాసులకును, కూర్చుండి పనిచేయువారికిని మాత్రమే వచ్చు వ్యాధి యని మన పల్లెలలో చిరకాలము తలంచుచుండిరి. ఆ తలంపునకు నేడు ఆధారము లేదు. భారత వైద్య పరిశోధన మండలివారి సాయముతో దేశమంతట జరిగి 2023లో వెలువడిన సర్వేయందు మనదేశమున 10 కోట్లకు పైగా జనులు ఈ వ్యాధితో నున్నట్లు తేలినది. చక్కెరవ్యాధి యని మన మనునది యిదియే. వరంగల్లు, హనుమకొండ ప్రాంతముల సహకార సంఘములలో నడివయసు దాటిన సభ్యులు పదిమంది కూడినచోట, దీనికై మాత్ర మ్రింగువా రొక్కరైన లేకుండుట నేడరుదు. కావున ఈ వ్యాధి కంటికి చేయు హానిని గూర్చియు, దానిని ముందుగా గనిపెట్టుటకు కృత్రిమ మేధ యను క్రొత్త సాధన మేపాటి యుపయోగించుననియు మన సభ్యులకు దెలుపుట మా విధి యని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నొప్పిలేని ముప్పు

మధుమేహము కాళ్లకును, మూత్రపిండములకును, గుండెకును చేయు కీడును మనవారు కొంతవఱకు నెఱుగుదురు. కంటికి చేయు కీడు నెఱిగినవారు తక్కువ. కనుగ్రుడ్డు లోపల, వెనుకభాగమున, రెటీనా యను పలుచని పొర కలదు. మనము చూచు ప్రతివస్తువు రూపమును దానిపై బడి, అచ్చటినుండి నరము ద్వారా మెదడునకు జేరును. ఆ పొరకు రక్తము నందించు నాళములు మిక్కిలి సన్ననివి. రక్తములో చక్కెర యేండ్లతరబడి యధికముగా నున్నయెడల ఆ నాళములు బలము తగ్గి యుబ్బును. కొన్నిచోట్ల వానినుండి నెత్తురును, క్రొవ్వుతో గూడిన నీరును ఊటగా దిగును. కొన్ని నాళములు మూసికొనిపోవును. పిదప వానికి మాఱుగా క్రొత్త నాళములు మొలచును. అవి దుర్బలములగుటచే పగిలి కంటిలోపల నెత్తురు నిండును. దీనినే డయాబెటిక్ రెటినోపతీ యందురు.

ఇందలి మోసమేమనగా, వ్యాధి ముదురువఱకు నొప్పి లేదు, కన్నెఱ్ఱబడుట లేదు, నీరు కారుట లేదు, చూపును చక్కగనే యుండవచ్చును. పొలముగట్టులో ఎండ్రకాయ చేసిన బొఱియ గుండ నీరు లోలోపల జాఱిపోవుచుండగా గట్టుపై నడచువానికేమియు గానరాదు. గట్టు తెగిన దినమున గాని సంగతి బయటపడదు. ఈ వ్యాధియు నట్టిదే. మనదేశమున జరిగి 2022లో ప్రకటితమైన యొక పరిశోధనను బట్టి, మధుమేహము కలిగి 40 ఏండ్లు దాటినవారిలో నూటికి 12 మందికి మించి రెటినోపతీ కలదు. నూటికి 4గురికి అది చూపునే హరింపగల స్థితికి జేరియున్నది. లేజరు కిరణములచేతను, కంటిలోనికి ఇచ్చు ఇంజెక్షనులచేతను, అవసరమైనచో శస్త్రచికిత్సచేతను ఉన్న చూపును నిలుపవచ్చును. పోయిన చూపును మరల దెచ్చుట మిక్కిలి కష్టము.

అందువలన మధుమేహము కలవారు, చూపు బాగుగ నున్నను, ఏటేట నొక్కసారి రెటీనాను పరీక్షింపించుకొనవలయునని వైద్యులు చెప్పుచున్నారు. అద్దములకై చేయు పరీక్ష యిందుకు చాలదు. మన రాష్ట్రమున 2018 ఆగస్టు 15వ తేదీని ప్రారంభమైన ‘కంటి వెలుగు’ కార్యక్రమమువలన లక్షలాది గ్రామీణులు కంటియద్దములు పొందిరి. అది గొప్ప మేలు. కాని గోడకు గట్టిన పటమునందలి యక్షరములు చదువగలిగిన మాత్రమున లోపలి పొరకు వ్యాధి లేదని చెప్పవీలులేదు. ఆ పొరను ప్రత్యేకమైన కెమెరాతో ఫోటో తీసి చూడవలయును.

ఇచ్చటనే చిక్కు వచ్చుచున్నది. ఫోటో తీయుట శిక్షణ పొందిన సహాయకుడు నేర్వగల పని. ఆ ఫోటోను చదివి, ఇది సామాన్యము, ఇది ప్రమాదకరము అని తేల్చుటకు అనుభవము గల వైద్యుడు కావలయును. అట్టివారు కొలదిమంది, వారును నగరములయందే యున్నారు. వరంగల్లున ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రియు, 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్యకళాశాలయు గలవు. అయినను ములుగు, ఏటూరునాగారము వైపు పల్లెలనుండి యొక రైతు తన దినపు పనిని మానుకొని, బస్సుఖర్చు పెట్టుకొని, తోడు వచ్చువానికిని పని చెఱచి, నొప్పిలేని కంటిని చూపించుకొనుటకు ఏటేట వచ్చునని యాశించుట కష్టము. పరీక్షయే పల్లెకు సమీపమునకు రావలయును. ఫోటో చదువు పనిలో కొంత భారమును యంత్రము మోయగలిగినచో నిది సాధ్యమగును.

హైదరాబాదున నొక వైద్యుని కృషి

వైద్యమును, పరిశోధనమును రెండింటిని చేపట్టి, కంప్యూటరు శాస్త్రమును రోగుల సేవకు మలచుచున్న వైద్యులు నేడు ప్రపంచమున పలువురు గలరు. అట్టివారిలో నొకరు మన హైదరాబాదుననే యున్నారు. వారు ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయందలి నేత్ర శస్త్రవైద్యులు డాక్టరు ఆంథొనీ విపిన్ దాస్ గారు. ఈ సంస్థను 1987లో డాక్టరు గుల్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిరి. చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాద్ గారు చేసిన దానమునకు గుర్తుగా వారి పేరు పెట్టబడినది. ఈ సంస్థ యేర్పాటు గోపురమువంటిది. అడుగున గ్రామముల దృష్టికేంద్రములు, వానిపైన చిన్న ఆసుపత్రులు, ఆపైన పెద్ద ఆసుపత్రులు, శిఖరమున హైదరాబాదులోని ప్రధానకేంద్రము. పల్లెలో తేలని సమస్య మెట్టుమెట్టుగా పైకి బోవును.

ఇట్టి యేర్పాటునందు రోగి యొకచోటినుండి మఱొకచోటికి బోవునపుడు అతని వివరములును వెంట బోవలయును. చీటీలు పోవును, చినుగును, వానకు దడియును. కావున 2010 ఆగస్టు మొదలు ఈ సంస్థలో రోగుల వివరములను కంప్యూటరునందు నమోదుచేయు ‘ఐస్మార్ట్’ అను పద్ధతి యమలులోనికి వచ్చినది. దీని యభివృద్ధికి దాస్ గారు నాయకత్వము వహించిరి. అంధులకు త్రోవ చూపు ప్రత్యేకమైన పాదరక్షల పరిశోధనయందును వారు పాలుపంచుకొనిరి. రోగి వయస్సు, ఊరు, వృత్తి, చూపు ఎంత, వ్యాధి యేమి, చేసిన చికిత్స యేది, పిదప నేమి జరిగినది – ఇవన్నియు నొకే తీరున వ్రాయబడును. ఎనిమిదేండ్ల యనుభవమును గూర్చి వారు 2020లో ప్రకటించిన వ్యాసమునాటికి ఈ పద్ధతిలో 20 లక్షలకు మించిన రోగుల వివరములు చేరియుండెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, కర్ణాటక రాష్ట్రముల సామాన్య జనులే వీరిలో నధికులు.

సహకారమునందు ఆరితేఱిన మన సభ్యులకు దీని విలువ వేఱుగ జెప్పనక్కఱలేదు. ఒక రైతు ఖాతాపుస్తకము ఆ రైతు సంగతినే చెప్పును. వేయిమంది ఖాతాలు పదేండ్లు సక్రమముగా వ్రాసియున్నచో, ఏ పంటకు ఏయేట నష్టము వచ్చునో, ఏ యప్పు తీఱునో, ఏది తీఱదో సంఘమునకు దెలియును. రోగుల రికార్డులును నట్లే. ఒక్కొక్కటి చిన్నది, కూడినపుడు జ్ఞానము.

ఈ కూడికనే ఆధారముగా గొని 2016 డిసెంబరులో మైక్రోసాఫ్టు కంపెనీయు, ఈ నేత్రవైద్య సంస్థయు, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా దేశముల నేత్రసంస్థలతో గూడి యొక కూటమిగా నేర్పడిరి. ఏ పిల్లవానికి హ్రస్వదృష్టి యెంత వేగముగా పెరుగును, అద్దములు మానుటకై చేయు శస్త్రచికిత్స యెవరికి మేలు చేయును అనునట్టి విషయములను కంప్యూటరుచే ముందుగా నంచనా వేయించుట వారి యుద్దేశము. 2017 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వము, 18 ఏండ్లలోపు పిల్లల ఆరోగ్యమునకై నడుపు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున కంటిపరీక్షలకు ఈ సాధనమును స్వీకరించుచున్నట్లు ప్రకటించినది.

యంత్ర మేరీతిని నేర్చును?

కృత్రిమ మేధ యనగా యంత్రమునకు ప్రాణము వచ్చినదని గాని, మనుష్యునివలె విచారించుచున్నదని గాని తలంపరాదు. ఎనుమాముల మార్కెటు యార్డులో మిరపకాయల రాశిని జూచి రకము చెప్పు అనుభవశాలిని తలంచుకొనుడు. అతడు గుప్పెడు కాయలు చేతబట్టి, రంగు, ముడత, తొడిమ, తేమ చూచి క్షణములో మాట చెప్పును. ఎట్లు చెప్పితివని యడిగినచో పూర్తిగా వివరింపలేడు. వేలకొలది రాశులు చూచిన కన్ను అది. మొదట గుమాస్తాగా జేరినపుడు తప్పు చెప్పి, పెద్దలచే దిద్దబడి, క్రమముగా నేర్చినాడు.

యంత్రమునకును పాఠ మిట్లే చెప్పుదురు. రెటీనా ఫోటోలను లక్షలకొలది చూపుదురు. ప్రతి ఫోటోకు, వ్యాధి యెంతవఱకున్నదో వైద్యులు ముందుగనే గుర్తువ్రాసి యుంచెదరు. యంత్రము మొదట గ్రుడ్డిగా నూహించును. తప్పినప్పుడెల్ల దానిలోని లెక్కలు కొంచెముకొంచెముగా సవరింపబడును. ఇట్లు లక్షల సవరణలైన పిదప నెన్నడును జూడని క్రొత్త ఫోటోను జూపినను చాలవఱకు సరిగా జెప్పును.

గూగుల్ కంపెనీలోని పరిశోధకులు 2016లో ప్రకటించిన పనియందు 1,28,175 ఫోటోలతో యంత్రమునకు రెటినోపతీ నేర్పిరి. వైద్యవిద్యయు పరిశోధనయు నేర్చిన డాక్టరు లిల్లీ పెంగ్ గారు వీరిలో ముఖ్యురాలు. ఆ ఫోటోలకు గుర్తులు వ్రాసినవారు 54గురు నేత్రవైద్యులు. ఒక్కొక్క ఫోటోను ముగ్గురుమొదలు ఏడుగురు వఱకు వేఱువేఱుగా చూచిరి. ఫోటోలు అమెరికానుండియే గాక మనదేశపు ఆసుపత్రులు మూటినుండియు వచ్చినవి: మదురైలోని అరవింద, చెన్నపట్టణములోని శంకర నేత్రాలయ, బెంగుళూరులోని నారాయణ నేత్రాలయ. అనగా ఆ యంత్రము నేర్చిన పాఠములో దక్షిణదేశపు సామాన్య రోగుల కండ్లకును భాగము గలదు. 2018 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు ఔషధ పర్యవేక్షణశాఖ, వైద్యుడు చూడకయే ఈ వ్యాధిని గుర్తించు మఱొక యంత్రమునకు అనుమతి నిచ్చినది.

ఎంతవఱకు నమ్మవచ్చును?

2019లో ప్రకటితమైన పరీక్ష మనకు మిక్కిలి ముఖ్యము. అరవింద, శంకర నేత్రాలయ ఆసుపత్రులకు వచ్చిన 3,049 మంది మధుమేహరోగులపై గూగుల్ యంత్రమును పరీక్షించిరి. పై వైద్యునియొద్దకు పంపదగిన వ్యాధి గలవారు నూరుగురున్నచో అరవిందలో సుమారు 89 మందిని, శంకర నేత్రాలయలో 92 మందిని యంత్రము పట్టుకొనినది. అట్టి వ్యాధి లేనివారు నూరుగురిలో క్రమముగా 92, 95 మందిని సరిగా విడిచిపెట్టినది. ఫోటోలు చదువుటలో శిక్షణ పొందిన మనుష్యుల పనితో నిది సమానముగనో, మిన్నగనో యుండెను.

ఈ యంకెలను రైతు తన వైపునుండి చదువవలయును. నూటికి 8 మొదలు 11 మంది వఱకు వ్యాధి యుండియు తప్పిపోయిరన్నమాట. కావున యంత్రము ‘లేదు’ అన్నంతమాత్రమున జీవితకాలమునకు అభయము దొరకినదని తలంపరాదు. మరుసటియేడు మరల చూపించుకొనవలయును. నడుమ చూపు మసకబారినను, కంటియెదుట నల్లని చుక్కలు గాని తెఱలు గాని కనబడినను, యంత్రపు చీటీని నమ్ముకొని కూర్చుండక వెంటనే వైద్యునియొద్దకు బోవలయును. వ్యాధి లేకయే ‘ఉన్నది’ అనిపించుకొనువారును కొందఱుందురు. వారికి వృథాప్రయాణము తగులును. చూపు పోవుటకంటె నిది మేలు.

యంత్రము కాగితముపై గెలుచుట వేఱు, పల్లెలో పనిచేయుట వేఱు. థాయిలాండు దేశమున 11 ఆరోగ్యకేంద్రములలో దీనిని వాడి చూచి 2020లో ప్రకటించిన నివేదిక యీ సంగతిని చక్కగ దెలుపుచున్నది. తీసిన 1,838 ఫోటోలలో నూటికి 21 వంతులు స్పష్టత చాలదని యంత్రమే త్రోసివేసినది. గదులు తగినంత చీకటిగా లేకపోవుట ముఖ్యకారణము. ఇంటర్నెట్టు మందగించినపుడు రోగులు బారులుదీరి కాచుకొనవలసివచ్చినది. ఫోటో చెడినవారిని దూరపు ఆసుపత్రికి బొమ్మనగా, ప్రయాణము చేయలేనివారికది బరువైనది. గదికొక నల్లతెఱ, నిలుకడైన విద్యుత్తు, ఓపికగల సహాయకుడు – ఇవి లేనిచోట లక్షల ఫోటోలు నేర్చిన యంత్రమును నిరర్థకమే.

మఱొక హెచ్చరిక కలదు. ఒకే ప్రాంతపు మిరపలు చూచి నేర్చినవాడు మన వరంగల్లు చపాటా మిరపను జూచినపుడు చిక్కుపడును. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కాయ లావుగను, మిక్కిలి యెఱ్ఱగను ఉండి, ఘాటు మాత్రము తక్కువగ గలది. రంగును బట్టి ఘాటు నంచనా వేయువాడు పొరబడును. ఇతరదేశముల కండ్లను మాత్రమే చూచి నేర్చిన యంత్రము, రెటీనా రంగు ముదురుగా నుండువారి యొద్దను, శుక్లముచే ఫోటో మసకబారిన వృద్ధుల యొద్దను అట్లే పొరబడవచ్చును. కావున ఏ యంత్రము మన ప్రాంతమునకు వచ్చినను, ఇచ్చటి జనులపై పరీక్షింపబడినదా యని యడుగుట మన హక్కు.

రికార్డు లెవరి సొత్తు?

ఈ విద్యకు మూలధనము రోగుల ఫోటోలును, వివరములును. అవి లేనిదే యెంతటి కంపెనీయైనను యంత్రమునకు పాఠము చెప్పజాలదు. వడ్ల గింజలు లేక విత్తనకంపెనీ లేనట్లే యిదియు. విత్తనము విషయమున మనము నేర్చిన జాగ్రత్తనే ఇచ్చటను చూపవలయును. ఫోటో తీయునపుడు, ఇది చికిత్సకు మాత్రమేనా, పరిశోధనకును వాడుదురా, పేరు తొలగించి వాడుదురా యని తెలిసికొని సమ్మతి నీయవలయును. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు సమ్మతియే పునాది. ఇట్లనుటవలన రికార్డులను దాచివేయుడని మా భావము గాదు. ఇరువదిలక్షల మంది వివరములు సక్రమముగ చేరియుండనిచో దాస్ గారివంటి వైద్యులు ఏమియు చేసియుండలేరు. ఇచ్చునది తెలిసి యీయవలయును. ఇచ్చినదానిచే కలిగిన జ్ఞానము తిరిగి పల్లెకు రావలయును. ఇదియే న్యాయమైన లావాదేవీ.

సంఘములు చేయదగిన పని

వైద్యము వైద్యులదే. కాని పరీక్షకును రోగికిని నడుమనున్న దూరమును తగ్గించుట సంఘముల చేతిలో నున్నది. మనకు ఆదర్శము దూరమున వెదుకనక్కఱలేదు. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో నున్న ములుకనూరున 1956లో ఎ. కె. విశ్వనాథరెడ్డి గారి పూనికతో పుట్టిన సహకార సంఘము, అప్పుమొదలు అమ్మకమువఱకు రైతు పనుల నన్నిటిని నొక్క కప్పుక్రిందికి దెచ్చి దేశమంతట పేరుగాంచినది. ఒకపనికై కూడినవారు మఱొక మంచిపనికిని కూడగలరని ఆ సంఘము చరిత్ర చెప్పుచున్నది.

మొదటిది, ప్రతిసంఘమును మధుమేహము గల సభ్యులను, వారి కుటుంబములవారిని స్వచ్ఛందముగ పేరు వ్రాయించుకొనుమని కోరవచ్చును. ఈ జాబితా కార్యదర్శియొద్ద గోప్యముగ నుండవలయును. అప్పుల విషయమున గాని పదవుల విషయమున గాని దీనిని వాడరాదు. రెండవది, కోతలు ముగిసి ధాన్యము సొమ్ము చేతికివచ్చు దినములలో, సభ్యులెట్లును సంఘమునకు వత్తురు గనుక, ఆ సమయముననే రెటీనా ఫోటో శిబిర మేర్పఱుపుడని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యాధికారికిని, ప్రాంతీయ నేత్రవైద్యశాలకును వ్రాసి కోరవచ్చును. యంత్రము లభించిన యంత్రము, లేనిచో ఫోటోలను దూరముననున్న వైద్యునకు పంపి చదివించుట. పరీక్ష జరుగుటయే ప్రధానము. మూడవది, గోదాములో కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది యొకటి, నిలుకడైన విద్యుత్తు సిద్ధముగ నుంచుట మనకు కష్టముగాదు.

నాలుగవది యన్నిటికంటె ముఖ్యము. ‘వైద్యునియొద్దకు బొమ్ము’ అని చీటీ పొందినవా రెందఱు, నిజముగ బోయినవా రెందఱు అను లెక్కను సంఘము వ్రాయవలయును. పోలేనివారికి బస్సుఖర్చు సంఘపు సంక్షేమనిధి నుండి యిచ్చుట, పదిమందిని గూర్చి యొకే వాహనమున పంపుట చేయదగినది. యంత్రము చీటీ వ్రాయగలదు. చీటీ పుచ్చుకొనిన ముసలిరైతు చేయిపట్టుకొని వరంగల్లు ఆసుపత్రి మెట్టెక్కింపలేదు. చూపు నిలుచుట ఆ మెట్టెక్కుటయందే యున్నది.

రక్తములో చక్కెరను, రక్తపుపోటును అదుపులో నుంచుట, పొగాకు మానుట, మందులు నడుమ ఆపకుండుట – వీనికి కెమెరా యక్కఱలేదు, కంప్యూటరు నక్కఱలేదు. ఇవి నేడే మొదలిడదగినవి. సభ్యులు తమ యూరి సంఘపు వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రస్తావించి, రెటీనా పరీక్ష శిబిరమునకై తీర్మానము చేయింతురని మేము కోరుచున్నాము.